తొడిమ పాట

నాగేంద్రమ్మ పోయిన రోజు తత్వం పాడటానికి మా గుమ్మంలోకి ఒక్కడూ రాలేదు. ముప్పై ఏళ్ళపాటు ఈ ఊళ్ళో ఎవరు పోయినా వాళ్ళ అరుగు మీద కూర్చుని పాడింది నేను. నా భార్య పోతే అందరూ తలుపులు వేసుకున్నారు. కరోనా రోజులు కదా అన్నారు. ఆవిడ గుండెనొప్పితో పోయింది. అది అందరికీ తెలుసు.

ఆ రోజుతో నేను పాట మానేశాను.

నాలుగేళ్ళు గడిచాక, మళ్ళీ మే నెలలో, వినోద్ వచ్చాడు.

ముసునూరు దాటాక ఉన్న తోటల్లో మామిడి కాయ కోసే ముఠాకి నేను మేస్త్రీని. చిన్న రసాల కోత జోరు మీదుంది. మా అమ్మాయి ప్రసన్న అదే తోటలో, షెడ్డు కింద కాయలు ఏరి గ్రేడింగ్ చేస్తుంది. నూజివీడులో డిగ్రీ చదివింది. కాయ చేతిలోకి తీసుకుని ఎన్నాళ్ళకి పండుతుందో చెబుతుంది. ఒక్క రోజు తేడా రాదు.

ఆ రోజు ఎవడో కుర్రాడు బొచ్చు మైకు ఒకటి చెట్టు కింద పాతి, చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. కాసేపటికి కళ్ళు తెరిచి షెడ్డు దగ్గరికి వచ్చాడు.

"ఒక్క ఐదు నిమిషాలు కోత ఆపిస్తారాండీ?"

"ఎందుకు?" అంది ప్రసన్న.

"సైలెన్స్ రికార్డ్ చేస్తున్నానండి."

"దేన్ని?"

"సైలెన్స్‌ని. తోటలో నిశ్శబ్దం ఎలా ఉంటుందో. ఆల్బమ్ మొదట్లో వేద్దామని."

"మూడింటికి లారీ వస్తుంది. దానికి కూడా చెప్పండి, చప్పుడు చెయ్యకుండా రమ్మని."

ముఠా అంతా నవ్వింది. వాడూ నవ్వాడు. అప్పుడే కోసిన కాయ ఒకటి ట్రేలోంచి తీసి వాసన చూసి, "అబ్బ" అని చెంపకి ఆనించుకున్నాడు.

"అది చెంపకి పెట్టుకోకండి."

"ఎందుకు, ఇది కూడా లారీకేనా?"

"కాదు. సొన కారుతోంది. కాలుతుంది."

కాయంత మెత్తగా ఉంటే కాలడమేంటి అన్నాడు. మర్నాటికి వాడి చెంప మీద రూపాయి బిళ్ళంత మచ్చ. దాన్ని చూపిస్తూ, "మీరు చెప్పింది నిజమేనండి" అన్నాడు ప్రసన్నతో. ఆ మాట చెప్పడానికి విజయవాడ నుంచి బస్సెక్కి రావాలా?

తర్వాత నా దగ్గరికి వచ్చాడు. ఊరు ఉంగుటూరు. విజయవాడలో ఏదో స్టూడియోలో సౌండ్ చూసుకుంటాడు. సొంతంగా ఆల్బమ్ చేస్తున్నాడట. అన్నీ తత్వాలే. మనిషి ఉండిపోవడానికి రాలేదని, ఉన్న నాలుగు రోజులు ఎలా ఉండాలో చెప్పే పాటలు. జి. కొండూరు దాకా తిరిగి ముసలివాళ్ళ దగ్గర ఏడు పట్టుకొచ్చాడు. మావైపు చావు లేని ఇంట్లో తత్వం పాడరు. పాడితే చావుని పేరు పెట్టి పిలిచినట్టే అంటారు. అందుకని వాళ్ళందరినీ తోటల్లోకి, గట్ల మీదికి తీసుకెళ్ళి పాడించుకున్నాడు.

"ఎనిమిదోది తొడిమ పాటండి. ఎవర్ని అడిగినా మీ పేరే చెబుతున్నారు."

"పాడను."

"పోనీ ఎప్పుడు పాడతారండి?"

"నా చావుకి."

"అప్పుడు మీరెలా పాడతారండి?"

షెడ్డులోంచి ప్రసన్న కిసుక్కున నవ్వింది. నేను అటు చూశాను. తల దించుకుని కాయలు ఏరుతోంది.

పొమ్మన్నాను. పోయాడు. మర్నాడు పొద్దున్నే లుంగీ కట్టుకుని కూలీలతో పాటు వచ్చి నిలబడ్డాడు.

"స్టూడియోలో సెలవు పెట్టానండి. కాయ కోస్తాను."

"సెలవు పెట్టుకుని కూలికొచ్చావా?"

"అవునండి."

మనుషులు తక్కువగా ఉన్నారు. చిక్కం చేతికిచ్చాను. గెడ చివర వల కట్టి ఉంటుంది. తొడిమ దగ్గర కత్తి ఆనించి లాగితే కాయ వలలో పడాలి. వాడు లాగితే ఆకులు పడ్డాయి. గట్టిగా లాగితే చీమలగూడు పడింది. ఆ పూట ఎక్కువసేపు గోక్కుంటూనే ఉన్నాడు.

మధ్యాహ్నం ప్రసన్న కేకేసింది.

"ఈ ట్రే ఎవరు కోశారు? ఒక్కదానికీ తొడిమ లేదు."

"నేనేనండి."

"వేలెడు తొడిమ ఉంచి కొయ్యాలి. అది ఊడితే సొనంతా కాయ మీదే కారుతుంది. మూడో రోజుకి కుళ్ళిపోతుంది. ఆల్బమ్‌లో తొడిమ పాట కావాలంట. తొడిమతో ఒక్క కాయ కొయ్యడం రాదు."

"నేర్పించండి మరి."

"నేర్పించడానికి మేస్త్రీ ఉన్నాడు."

"ఆయన నాతో మాట్లాడరండి."

"ఆయన ఎవరితోనూ మాట్లాడరు. మీకేం స్పెషల్ కాదు."

షెడ్డులో ప్రసన్న పక్కన జ్యోతి అనే పిల్ల పనిచేస్తుంది. దానికి నోరెక్కువ.

"అక్కా, ఆ అబ్బాయి ట్రేలన్నీ నువ్వొక్కదానివే ఏరుతున్నావేంటి?"

"చెత్త ఎక్కువ వస్తోంది. నీకు చేతకాదు."

"నిన్న చెత్త లేదక్కా. నిన్న కూడా నువ్వే ఏరావు."

పది రోజులు తిరిగేసరికి వాడికి పని వచ్చింది. వేలెడు తొడిమతో కోసేవాడు. రోజూ సాయంత్రం ఒక మంచి కాయ తెచ్చి ప్రసన్న బల్ల మీద పెట్టేవాడు.

"గ్రేడ్ ఏంటండి?"

"ఇంకా పచ్చిగానే ఉంది. చూడాలి."

"ఎన్నాళ్ళు చూస్తారు?"

"కాయని బట్టి."

కాయని చూడటానికి అంతసేపు మొహంలోకి చూడక్కర్లేదు. నాకు కళ్ళున్నాయి.  పాట సంగతి వాడు మళ్ళీ ఎత్తితే తరిమేద్దామని కాచుకున్నాను. ఎత్తలేదు.

నెలాఖరులో ఒక మధ్యాహ్నం. ముఠా అన్నాలకి షెడ్డు కిందికి పోయింది. చిటారు కొమ్మల కాయలు ఇప్పటికీ నేనే ఎక్కి కోస్తాను. ఆ రోజు ఇంకా దిగలేదు. వాళ్ళిద్దరూ వచ్చి సరిగ్గా ఆ చెట్టు కిందే నిలబడ్డారు. పడమటి వైపు మబ్బు నల్లగా కమ్ముకుంటోంది.

"ఇక్కడికెందుకు రమ్మన్నారు?"

"ఇక్కడ సౌండ్ బావుంటుందండి."

"దేనికి?"

"నేను చెప్పబోయేదానికి."

"చెప్పండి. అన్నం చల్లారుతోంది."

వాడు చాలాసేపు ఏమీ చెప్పలేదు.

"ఇదేనా? మళ్ళీ సైలెన్సేనా?"

"కాదండి. మీరు నవ్వినప్పుడల్లా నా మీటర్లో ముల్లు ఎర్రగీత దాటేస్తోంది."

"అంటే?"

"అంటే మిమ్మల్ని రికార్డ్ చెయ్యలేం. పక్కనుండి వినాల్సిందే. రోజూ."

టపటపా నాలుగు చినుకులు పడ్డాయి. ప్రసన్న కదల్లేదు.

"నువ్వొచ్చింది మా నాన్న పాట కోసం" అంది.

మీరు పోయి నువ్వు వచ్చింది. పైనున్న నేను గమనించాను. కింద ఉన్నవాడు గమనించలేదు.

"అవును. పాట కోసమే వచ్చాను. పనిలో చేరాక దాని గురించి ఎవర్నైనా అడిగానా?"

"లేదు."

"ఎందుకడగలేదో నువ్వే చెప్పు."

ప్రసన్న చున్నీ తల మీదికి లాక్కుంది. కాసేపటికి సగం వాడి తల మీద కప్పింది. ఆ చున్నీ చేతి రుమాలంత ఉంటుంది. ఇద్దరూ తడుస్తున్నారు. తడుస్తున్నట్టు ఇద్దరికీ తెలియడం లేదు. నాకు తెలుస్తోంది. వాన పెద్దదైంది. కొమ్మ జారుతోంది. దిగితే మర్యాద కాదు, ఉంటే జ్వరం.

"నాకు చెప్పడానికేమీ లేదు. మా నాన్ననడుగు" అంది ప్రసన్న.

"ఆయనెక్కడున్నారో?"

తుమ్మొచ్చింది. ఆపుకోలేకపోయాను.

ఇద్దరూ తలలెత్తి చూశారు.

"నాన్నా, ఎప్పట్నుంచి ఉన్నావు?"

"పొద్దున్నుంచీ నేనిక్కడే ఉన్నాను. మధ్యలో వచ్చింది మీరు."

దిగాను. తల తుడుచుకున్నాను. వాడి ఎదురుగా నిలబడ్డాను.

"పాట కావాలా, పిల్ల కావాలా? ఒకటే అడుగు."

"ప్రసన్న కావాలండి." ఆలోచించలేదు.

"మరి నీ ఆల్బమ్?"

"ఏడు పాటలతోనే వదిలేస్తానండి."

నాకు నచ్చింది. ప్రసన్నకి నచ్చలేదు.

"అడిగినవాళ్ళకి బుద్ధి లేదు, చెప్పినవాళ్ళకీ లేదు" అంది. "ఆ చేతిలో పాట, ఈ చేతిలో నేనా? నేనేమన్నా రసం కాయనా మీ ఇద్దరూ ఏరుకోడానికి?"

వానలోనే షెడ్డుకి వెళ్ళిపోయింది. ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడు వాడి ట్రేలు జ్యోతి ఏరింది. మూడో రోజు మళ్ళీ ప్రసన్నే ఏరింది. కోపం అంతవరకే.

"ఆదివారం మీ అమ్మా నాన్నల్ని తీసుకురా" అని వినోద్‌తో చెప్పాను. "మా ఇంట్లో మాత్రం పాట మాట ఎత్తకూడదు."

"ఎత్తనండి. మాట."

ఆదివారం వాడు పదకొండింటికే దిగాడు. వాళ్ళవాళ్ళు నాలుగింటికి కారులో వస్తారు. కుర్చీలు తుడుస్తానన్నాడు. తుడవమని, నేను మిఠాయికి నూజివీడు వెళ్ళాను. రెండింటికి తిరిగొచ్చి, బండి వీధిలో పెట్టి, పెరటి వైపు నుంచి వచ్చాను. లోపల మాటలు వినపడ్డాయి.

"నేను మాటిచ్చాను ప్రసన్నా."

"నువ్విచ్చావు. నేనివ్వలేదు. మిషన్ తియ్యి."

"చావు లేని ఇంట్లో పాడకూడదంటారు."

"ఈ ఇంట్లో చావు జరిగింది. పాటే జరగలేదు. అమ్మకి పాడకుండా నేనింకో ఇంటికి రాను. నీకిష్టమైతే రికార్డ్ చేసుకో, లేకపోతే కుర్చీలు తుడుచుకో."

తర్వాత పాడింది.

*తొడిమ తెగేదేనని తెలిసీ పూసిందే చెట్టు*
*తెలిసి పూసిన చెట్టుకేల దిగులే చిలకా*

నేను నేర్పలేదు. చిన్నప్పుడు నేను తోటలో సాధన చేస్తుంటే పక్కన ఆడుకునేది. అంతే. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కూడా తెలిసింది దానికి. లోపలికి వెళ్ళి ఆపొచ్చు. ఆపలేదు. ఎందుకో చెప్పను.

రెండు చరణాలయ్యాక ఆగిపోయింది.

"మూడోది నాకు రాదు. పాడె లేపేటప్పుడే పాడతారది. సాధనలో నాన్న ఎప్పుడూ పాడలేదు."

మిఠాయి పొట్లం చేతిలో ఉంది. తలుపు దగ్గరే నిలబడి, గట్టిగా కాకుండా, పాడాను.

*కోసినవాడూ ఉండడు, మోసినవాడూ ఉండడు*
*తిన్న నోట తీపి కూడా ఉండదే చిలకా*
*ఉన్నన్నాళ్ళు నీడనిచ్చి ఊరుకుందే చెట్టు*
*చెట్టు కింద కాసేపు నువ్వూ ఊరుకో చిలకా*

నాలుగేళ్ళ గొంతు. తుప్పు పట్టింది. ప్రసన్న వచ్చి నా భుజం మీద తల పెట్టింది. వినోద్ మిషన్ ఆపేసి కుర్చీ తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన కుర్చీనే తుడిచాడు. వాడికి మర్యాద తెలుసు.

గంట దాటాక వీధిలో అలికిడైంది.

పక్కింటివాళ్ళు పాట విన్నారు. మా ఇంట్లో తత్వం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. కూతురు పాడుతోందంటే పోయింది నేనే అనుకున్నారు. ఫోన్లు తిరిగాయి. మా ఊరివాళ్ళు దండ ముందు కొంటారు, ఎవరు పోయారని తర్వాత అడుగుతారు. ముప్పై మంది దాకా వచ్చారు. అందరి చేతుల్లో బంతి దండలు.

ముందుగా వీరరాఘవయ్య వచ్చాడు. ముప్పై ఏళ్ళు నా పాటకి తాళం వేసినవాడు. నాగేంద్రమ్మ పోయిన రోజు మొట్టమొదట తలుపు వేసుకున్నవాడు కూడా వాడే. కాళ్ళకి చెప్పుల్లేవు. చంకలో తాళాల సంచి.

"ఒరే రాజూ, చెప్పకుండా పోయావట్రా" అని ఏడుస్తూ మెట్టెక్కాడు.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. వాడు మెట్టు మీదే ఆగిపోయాడు.

"నువ్వు పోలేదా?"

"లేదు. ఇబ్బందైతే చెప్పు."

"మరి పాట?"

"మా అమ్మాయి పాడింది."

"ఎవరికిరా?"

"నాగేంద్రమ్మకి."

  ఏ ఒక్కరూ నా మొహంలోకి చూడలేదు.

సరిగ్గా అప్పుడే కారొచ్చింది. నాలుగింటికి రావలసినవాళ్ళు మూడున్నరకే వచ్చారు. వినోద్ తల్లి సౌభాగ్యలక్ష్మిగారు పట్టుచీరలో దిగారు. చేతిలో పళ్ళబుట్ట. జనాన్ని చూసి ఆగిపోయారు.

"ఎవరండీ పోయింది?" అని చివరగా నిలబడ్డ ఒకావిణ్ణి అడిగారు.

"పెద్దిరాజు బాబాయ్ అనుకున్నామండి. పోలేదంట."

"మరి ఈ దండలు?"

"అదే ఆలోచిస్తున్నామండి."

వినోద్ తండ్రి వెంకటకృష్ణారావుగారు అందర్నీ కలయచూసి, "పెళ్ళిచూపులకే ఇంతమందా? పెళ్ళికి మండపం పెద్దది చూడాలి" అన్నారు. భార్య ఆయన వైపు చూశారు. 

"వినోద్, కారెక్కు" అన్నారు సౌభాగ్యలక్ష్మిగారు. "పిల్లని చూడబోతూ చావుపాట ఉన్న గుమ్మం తొక్కుతామా?"

ప్రసన్న బయటికి వచ్చింది. మొహం కడుక్కోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తప్పు నాదేనండీ ఆంటీ. ఈ రోజు పాడకూడదని తెలుసు. మా అమ్మకి ఎవరూ పాడలేదు. పాడకుండా పెళ్ళికి కూర్చోలేను. మీరు వెళ్ళిపోయినా నేనేమీ అనుకోను."

వినోద్ కారెక్కలేదు. వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు.

"అమ్మా, నాన్నమ్మ పోయినప్పుడు పాడేవాళ్ళు దొరక్క నువ్వు ఫోన్లో పాట పెట్టావు."

"ఇప్పుడదెందుకురా?"

"మధ్యలో ఛార్జింగ్ అయిపోయింది. నాన్నమ్మని పాట లేకుండానే తీసుకెళ్ళాం. వారం రోజులు నువ్వు అన్నం తినలేదు. అందుకే నేను ఈ పాటలు పట్టుకుని తిరుగుతున్నాను. నీకెప్పుడూ చెప్పలేదు."

సౌభాగ్యలక్ష్మిగారు పళ్ళబుట్ట కారు మీద పెట్టారు. కొంగుతో మొహం తుడుచుకున్నారు. ప్రసన్న వంక చాలాసేపు చూశారు. తర్వాత నన్నడిగారు.

"పాట మొత్తం అయిందాండీ?"

"ముక్కలుగా అయింది."

"ముక్కలుగా ఏంటండీ. ఇంతమంది వచ్చారు. పూలున్నాయి. మొత్తం పాడండి, వింటాం. ఆ తర్వాత కాళ్ళు కడుక్కుని లోపలికొస్తాం. పిల్లని అప్పుడు చూస్తాం."

అని మెట్టు మీదే కూర్చున్నారు, పట్టుచీరతో. ఆవిడ కూర్చునేసరికి ఊరంతా కూర్చుంది.

నేను వీరరాఘవయ్య వైపు తిరిగాను.

"తాళాలున్నాయా?"

"ఉన్నాయి."

"కూర్చో."

అంతకన్నా వాడితో ఏమీ అనలేదు. తెచ్చిన దండలన్నీ ఒక్కొక్కరే వచ్చి అరుగు గోడకున్న నాగేంద్రమ్మ ఫొటోకి వేశారు. ముప్పై దండలకి ఫొటో ఆగదు. మేకు ఊడింది. వెంకటకృష్ణారావుగారు లేచి రెండు చేతులతో పట్టుకున్నారు. పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డారు.

పాడాను. ప్రసన్న అందుకుంది. మూడో చరణం రెండోసారికే దానికి వచ్చేసింది. వినోద్ దండలు వేసేటప్పుడే మిషన్ ఆన్ చేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం మర్చిపోయాడు.

పాటయ్యాక సౌభాగ్యలక్ష్మిగారు నీళ్ళడిగారు. ప్రసన్న చెంబు తెచ్చింది.

"కాళ్ళు కడుక్కోండి ఆంటీ."

"ఆంటీ ఏంటమ్మా? అత్తయ్యా అనాలి" అన్నారావిడ. కాళ్ళు కడుక్కుని, కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చారు. మిఠాయి కిలోయే తెచ్చాను. ముప్పై మందికీ తలా చిటికెడు వచ్చింది. జ్యోతి మాత్రం రెండుసార్లు తీసుకుంది.

"గ్రేడ్ ఏంటండి?" అని వినోద్ గుసగుసగా అడగడం విన్నాను.

"పండింది. ఇంక ఆలస్యం చేస్తే పాడైపోతుంది" అంది ప్రసన్న.

శ్రావణంలో పెళ్ళయింది. మండపం నిజంగానే చాల్లేదు. ఆల్బమ్ ఎనిమిది పాటలతో వచ్చింది. చివరి పాటలో ఎవరో దగ్గుతారు, కారు తలుపు పడుతుంది, మేకు ఊడిన చప్పుడు వినిపిస్తుంది. వినోద్ అవేవీ తీసెయ్యలేదు.

వీరరాఘవయ్య ఇప్పుడు రోజూ వచ్చి అరుగు మీద కూర్చుంటున్నాడు.

"నన్ను క్షమించినట్టేనా?" అనడిగాడొక రోజు.

"లేదు."

"కాఫీ పోస్తున్నావుగా."

"కాఫీ వేరు."

వాళ్ళు ఆ రోజు రాలేదు. తర్వాత ముప్పై దండలు వేసినా అది రాకపోవడమే. వినోద్ తన ఆల్బమ్ గురించి రాయడానికి జరిగిందంతా చెప్పమన్నాడు. ఒక్కసారే చెబుతాను, రాసుకో అన్నాను. చెప్పాను. ఇకమీద అల్లుడడిగినా, కూతురడిగినా, రేపు వాళ్ళ పిల్లలడిగినా ఆ రోజు గురించి నేను మాట్లాడను. పాడమంటే పాడతాను.